శ్రోతల జ్ఞాపకాలకు పత్రికలో చోటివ్వండి

సంపాదక మహాశయులకు,

తెలుగు సినిమా పాడ్‌కాస్టుల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన పాఠకుడి లేఖ చదివాను. నలుగురు మిత్రులు మైకులు పెట్టుకుని పాత సినిమాల గురించి గంటల తరబడి మాట్లాడుకోవడం పొద్దుపోని కబుర్లేననీ, వాటిలో నిజమెంతో కల్పనెంతో తేల్చేవారే లేరనీ ఆయన రాశారు. చెన్నై సాలిగ్రామంలో మరికొందరు మిత్రులతో కలిసి అటువంటి కార్యక్రమమే నడుపుతున్నవాణ్ని గనుక ఆయన అన్నదాంట్లో సగం ఒప్పుకుంటాను. మేము చెప్పుకునేవి కబుర్లే. ఎండాకాలంలో మైకుకు చప్పుడు రాకుండా ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చెప్పుకునే కబుర్లు. అయితే ఆయన మేము మాట్లాడినదాన్నే లెక్కలోకి తీసుకున్నారు గానీ, విన్నవాళ్లు తిరిగి మాకు ఏం చెబుతున్నారో పట్టించుకోలేదు. నా దృష్టిలో ఆ కార్యక్రమానికి విలువ తెచ్చేది ఆ రెండో భాగమే.

మా శ్రోతల్లో ఎక్కువమంది ఈ ఊరివాళ్లే. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసులో పుట్టి పెరిగి, 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వెలిసిన కాలంలో విడతలు విడతలుగా హైదరాబాదుకు తరలిపోయిందని అందరికీ తెలుసు. తరలినవారిలో నటులు, దర్శకులు, నిర్మాతలు ఎక్కువ. లైట్లు మోసినవాళ్లు, ఎడిటింగ్ గదుల్లో సహాయకులుగా చేసినవాళ్లు, వాద్యబృందాల్లో వయొలిన్ వాయించినవాళ్లు, గుంపు సన్నివేశాల్లో నిలబడినవాళ్లు చాలామంది కోడంబాక్కం, వడపళని, విరుగంబాక్కం వీధుల్లోనే ఉండిపోయారు. వాహినీ స్టూడియో ఉన్న చోట ఈనాడు ఆస్పత్రి, మాల్ కనిపిస్తాయి గానీ, ఆ గేటులోంచి రోజూ పనికి వెళ్లివచ్చినవాళ్ల పిల్లలు ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే కాపురం ఉంటున్నారు. వీళ్లెవరూ ఆత్మకథలు రాయలేదు. రాసినా అచ్చువేసేవారు దొరికేవారని నేను అనుకోను.

ఇంకో సంగతి కూడా ఉంది. చెన్నై తెలుగు ఇళ్లలో ఇరవై, ముప్పై ఏళ్ల వయసువాళ్లు తెలుగు వింటారు, మాట్లాడతారు, చదవలేరు. 2006లో వచ్చిన చట్టంతో తమిళ బోధన ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ పదో తరగతి దాకా వెళ్లింది. కోర్టుల ద్వారా కొందరికి మినహాయింపులు దొరికినా, బడిలో తెలుగు చదువుకునే పిల్లల సంఖ్య అంతకుముందే తగ్గుతూ వచ్చింది. ఈ లేఖను మీరు ప్రచురించినా వాళ్లు చదవలేరు, ఎవరైనా చదివి వినిపిస్తే మాత్రం వింటారు. మాకు రాసి పంపలేరు గనుక ఫోనులో మాట్లాడి పంపుతారు. అందుకే మాకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం గొంతులే, వెనకాల మిక్సీ మోతతో, మెట్రో స్టేషన్ ప్రకటనలతో.

వాటిలో ఒకటి చెబుతాను. 1955లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ‘మిస్సమ్మ’, దాని తమిళ రూపం ‘మిస్సియమ్మ’ ఒకేసారి తయారైన తీరు గురించి మేము ఒక భాగం చేశాం. రెండింటిలోనూ సావిత్రే నాయిక. తెలుగులో రామారావు వేసిన పాత్రను తమిళంలో జెమినీ గణేశన్, నాగేశ్వరరావు వేసిన పాత్రను తంగవేలు వేశారు. మేము నటన గురించే మాట్లాడాం. ఆ తర్వాత విరుగంబాక్కం నుంచి ఒక పెద్దాయన గొంతు వచ్చింది. ఆయన తండ్రి వడపళనిలో లైట్‌మ్యాన్‌గా పనిచేశారట. “తెలుగు షాటు అయ్యాక అదే సెట్టులో, అదే చోట తమిళ నటుడొచ్చి నిలబడేవాడు బాబూ. ఇద్దరి ఎత్తూ ఒకటి కాదు గదా, నీడ తప్పేది. హీరోలు మారినప్పుడల్లా మెట్లెక్కి లైటు జరిపేది నేనే అని నాన్న నవ్వేవాడు” అన్నారు. అది ఏ సినిమాకు జరిగిందో ఆయనకు తెలియదు, తండ్రి చెప్పలేదు. అయినా రెండు భాషల్లో ఒకేసారి సినిమా తీయడమంటే పరంజా మీద ఉన్న మనిషికి ఎంత పనో నాకు మొదటిసారి అర్థమైంది. నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఆ నీడ సంగతి కనబడలేదు.

అలాగని శ్రోతలు చెప్పిందల్లా చరిత్ర అనడం లేదు. కోడంబాక్కం రైలు గేటు పడినప్పుడు తారల కార్లు ఆగేవనీ, జనం అక్కడ కాపు కాసేవారనీ చెప్పే గొంతులు మా దగ్గర చాలానే ఉన్నాయి. చిత్రమేమిటంటే ప్రతివారికీ ఆ గేటు దగ్గర తమ అభిమాన నటుడి కారే కనిపించింది. ఇటువంటి వాటిని చెప్పుకునే కథలుగానే వినిపిస్తాం, జరిగిన సంగతులుగా కాదు.

అయితే అచ్చులో ఉన్నది నమ్మదగింది, నోటిమాట నమ్మరానిది అని మీ పాఠకుడు గీసిన గీత కూడా నిలవదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు పుస్తకాలు, పత్రికలు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తూ వచ్చాయి. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సార్ వివరాలను, ఆనాటి పత్రికలను గాలించి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని చూపించాకే ఆ తేదీ మారింది. ఆ సినిమా ప్రింటు ఈనాడు లేదు గనుక తెరను చూసి తేల్చుకునే వీలు కూడా లేకపోయింది. నోటిమాటకైనా అచ్చుకైనా ఆధారం అడగాల్సిందే.

ఆ అడగడం శ్రోతల మధ్యే జరిగిన సందర్భం ఒకటి ఉంది. పెరంబూరు నుంచి ఒకావిడ ‘పాతాళభైరవి’ పాటల పుస్తకం ఫోటో పంపారు. సగం కథ చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమనే ఆ పలుచని పుస్తకాలు మీ పెద్ద వయసు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. 1951లో సినిమా మొదటిసారి ఆడినప్పుడు తాతగారు హాలు దగ్గర కొన్నారని ఆవిడ రాశారు. ఆ ఫోటోను అందరికీ చూపించాక, షావుకారుపేటలో పాత పుస్తకాల వ్యాపారం చేసిన మరో శ్రోత వెనక అట్ట మీద కింది మూలన ఉన్న ధర చూడమన్నారు. అక్కడ 12 న.పై. అని ఉంది. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న గానీ చెలామణిలోకి రాలేదు, అంతకుముందైతే రెండణాలు అని వేసేవారు. అంటే ఆ పుస్తకం తర్వాతెప్పుడో సినిమా మళ్లీ ఆడినప్పటిది. ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, తాతగారు అదే సినిమాను అన్నేళ్ల తర్వాత కూడా చూశారన్నమాట అని సంబరపడ్డారు. పరిశోధన అన్న మాట వాడటానికి నాకు మొహమాటంగా ఉంది గానీ, ఇంతకంటే శ్రద్ధగా ఒక కాగితాన్ని చదివిన సందర్భం మా చర్చల్లో అయితే లేదు.

ఒకప్పుడు రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు, వివిధభారతిలో ‘జనరంజని’ వచ్చేది. పాట కోరినవారి పేర్లు, ఊళ్ల పేర్లు వరసగా చదువుతుంటే తమ ఊరి పేరు వస్తుందేమోనని ఎదురుచూసినవాళ్లు లక్షల్లో ఉంటారు. శ్రోతలు రాసిన ఆ కార్డులు ఏమయ్యాయి? ఏ ఊళ్లో ఏ పాటను ఏ ఏడు ఎక్కువగా అడిగారో తెలిసి ఉంటే తెలుగు సినిమా పాటకు ఎంత గొప్ప చరిత్ర దొరికేదో ఊహించండి. మా దగ్గరున్న గొంతులకూ అదే గతి పట్టడం చాలా తేలిక. ఒకరి ఫోను పాడైనా, నిర్వాహకులకు విసుగొచ్చి కార్యక్రమం ఆపేసినా సరిపోతుంది. పాడ్‌కాస్టులు నడిపే మిత్రబృందాలు ఎక్కువకాలం నిలవవు. ఉద్యోగాలు మారతాయి, పెళ్లిళ్లవుతాయి, ఒక్కోసారి ఏదో హీరో గురించి మాటామాటా పెరిగి విడిపోతారు కూడా.

తమిళ పాటల పుస్తకాలు, కరపత్రాలు చూడాలనుకునేవారికి తరమణిలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఉంది. ఒక వ్యక్తి ఇష్టంతో కూడబెట్టుకున్న కాగితాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చిన తీరు చూస్తే, తెలుగువారి వైపు నుంచి అంత పెద్ద ఏర్పాటు కాకపోయినా, చిన్న ప్రయత్నమైనా జరగాలనిపిస్తుంది. అందుకే మీకు ఈ లేఖ. మీ చెన్నై సంచికలో వారానికి అర కాలమ్ చోటు, ఈ ఊళ్లో తెలుగు సినిమాకు పనిచేసినవారి జ్ఞాపకాలకూ వారి కుటుంబాలు చెప్పే సంగతులకూ కేటాయించమని కోరుతున్నాను. జ్ఞాపకం చెప్పినవారి పేరు, ఎప్పుడు చెప్పారో, తాము చూసిందో విన్నదో పక్కనే వేయాలి. ఎవరైనా ఆధారంతో విభేదిస్తే ఆ మాటకు కూడా అదే కాలమ్‌లో, అదే సైజు అక్షరాల్లో చోటివ్వాలి. పేరు వద్దన్నవారి పేరు వేయకూడదు, ఎందుకంటే అందని కూలి గురించి చెప్పేటప్పుడు ముప్పై ఏళ్ల తర్వాత కూడా గొంతు తగ్గించే మనుషులున్నారు.

తారల గురించి మీకు వ్యాసాలకు కొదవ లేదని తెలుసు. నేను అడుగుతున్నది ఆ తారల మీద వెలుగు పడేలా చూసినవారి కోసం, వారిలో మిగిలినవారి వయసు ఎనభై దాటుతోంది గనుక త్వరగా అడుగుతున్నాను. మీరు సరేనంటే మా దగ్గరున్న ఆడియోల, ఫోటోల ప్రతులను, పంపినవారి అనుమతి తీసుకుని, మీ చెన్నై కార్యాలయానికి మేమే తెచ్చి ఇస్తాం. విని రాసిపెట్టే పని కూడా మేమే చేస్తాం. మొన్న లేఖ రాసిన పాఠకుడు ఆ రాతప్రతులను సరిచూడటానికి ముందుకొస్తే మరీ సంతోషం.

భవదీయుడు,
ఒక సినిమా పాడ్‌కాస్ట్ నిర్వాహకుడు,
సాలిగ్రామం, చెన్నై