దిర్హమ్ జీతం కదలలేదు: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర విదేశాంగ శాఖ మంత్రి గారికి,

జగిత్యాల జిల్లా నుంచి ఒక పాత దుబాయి కార్మికుడు నమస్కరించి రాస్తున్న లేఖ ఇది. 2006 నుంచి 2019 దాకా అక్కడ షట్టరింగ్ కార్పెంటర్‌గా, అంటే కాంక్రీటు పోయడానికి అచ్చులు కట్టే వడ్రంగిగా పనిచేశాను. ఇప్పుడు ఊళ్ళోనే నాలుగెకరాలు చేసుకుంటున్నాను. ఇంగ్లిషు కాగితం కూడబలుక్కొని చదవడం అక్కడే నేర్చుకున్నాను కాబట్టి, గల్ఫ్ పోయే పిల్లలు సంతకం పెట్టే ముందు ఆఫర్ లెటర్ పట్టుకొని మా ఇంటికి వస్తుంటారు.

2024లో మా అన్న కొడుకు వచ్చాడు. వాడిదీ షట్టరింగ్ పనే. కాగితం నా చేతిలో పెట్టి, "చిన్నాయనా, నెలకు ఇరవై వేలు పడతదంటుండు ఏజెంటు. పోవచ్చునా?" అని అడిగాడు. కళ్ళద్దాలు పెట్టుకొని చదివాను. బేసిక్, అంటే మూల జీతం, 600 దిర్హమ్‌లు, ఇతర అలవెన్సులు 300. మొత్తం 900.

ఆ 600 అంకె దగ్గర నా చూపు ఆగిపోయింది. లేచి వెళ్ళి బీరువాలోంచి నా పాత కాగితాల సంచి తీశాను. 2006 నాటి నా కాంట్రాక్టు మడతల దగ్గర చిరిగిపోయింది గానీ అంకె కనిపిస్తూనే ఉంది. అందులోనూ బేసిక్ 600. రెండు కాగితాలూ మంచం మీద పక్కపక్కన పెట్టి వాడికి చూపించాను. పద్దెనిమిదేళ్ళు గడిచాయి. నేను పోయిన ఏడు వాడు ఇంకా బడికి కూడా పోలేదు. అదే పనికి, అదే ఎండలో, అదే బేసిక్.

మరి ఏజెంటు చెప్పిన ఇరవై వేలు అబద్ధమా అంటే కాదు. దిర్హమ్‌ను 1997 నుంచి డాలరుకు 3.67 లెక్కన కట్టేశారు, అది కదలదు. కదిలింది మన రూపాయి. నేను పోయినప్పుడు దిర్హమ్‌కు పన్నెండు రూపాయల చిల్లర వచ్చేది. 2024లో దాదాపు ఇరవై మూడు వచ్చింది. అందుకే నా 600 ఇంటికి చేరేసరికి ఏడు వేల నాలుగు వందలయితే, వాడి 900 ఇరవై వేలు దాటుతుంది. ఊళ్ళో అందరూ గల్ఫ్ జీతాలు పెరిగాయనే అనుకుంటున్నారు. రూపాయి పడిపోయిన సంగతే మాకు జీతం పెరిగినట్టు కనిపిస్తోంది, మంత్రి గారూ.

మా వైపు దుబాయి సంపాదనను బంగారంతో కొలుస్తారు. ఆడపిల్ల పెళ్ళికి ఎంత పెట్టగలిగాడన్నదే లెక్క. 2006లో పది గ్రాముల బంగారం తొమ్మిది వేల లోపు దొరికేది. నా ఒక నెల జీతం మొత్తం పెడితే తులానికి కొంచెం తక్కువ వచ్చేది. 2024లో పది గ్రాముల ధర డెబ్బై వేలు దాటింది. వాడి ఒక నెల జీతం మొత్తం పెట్టినా పావు తులం మీద కొంచెం, అంతే. సిమెంటు, పిల్లల ఫీజులు, ఆసుపత్రి ఖర్చు, ఏది తీసుకున్నా కథ ఇదే.

అక్కడి ఖర్చు కూడా నిలబడి లేదు. నా రోజుల్లో ఏడుగురం కలిసి క్యాంపులో మెస్ పెట్టుకుంటే మనిషికి నూట యాభై దిర్హమ్‌ల లోపే అయ్యేది. ఇప్పుడు మూడు వందల యాభై అవుతోందని వాడు ఫోనులో చెబుతాడు. 2018లో ఎమిరేట్స్‌లో, అంటే దుబాయి ఉన్న దేశంలో, సౌదీలో అయిదు శాతం వ్యాట్ మొదలైంది. సౌదీలో దాన్ని 2020 జులైలో ఒక్కసారే పదిహేను శాతం చేశారు. కోట్లు సంపాదించేవాడు, ఎనిమిది వందల రియాళ్ళు సంపాదించేవాడు సబ్బు బిళ్ళ మీద కట్టే పన్ను ఒక్కటే.

వాడు చివరికి పోయాడు. నేను వద్దన్నాను. కానీ ఇక్కడ ఏం చేస్తావంటే నా దగ్గర జవాబు లేదు. నూటికి రెండు రూపాయల మిత్తికి లక్షా ఇరవై వేలు అప్పు తెచ్చాడు. మీ నిబంధనల ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోవాల్సింది మించితే ముప్పై వేలు, దానిమీద జీఎస్టీ. కానీ ఊరికొచ్చి మాట్లాడేది లైసెన్సున్న ఏజెంటు కాదు, ఆయన కింది సబ్ ఏజెంటు. రసీదు ఉండదు. మెస్‌కు మూడు వందల యాభై, ఫోనుకు యాభై పోతే వాడి చేతిలో మిగిలేది 500 దిర్హమ్‌లు, అంటే పదకొండు వేల చిల్లర. మిత్తితో సహా అప్పు తీరడానికి, ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా కట్టినా ఏడాది పడుతుంది. కాంట్రాక్టు రెండేళ్ళు. అందులో మొదటి ఏడాది వాడు పనిచేసింది ఏజెంటు కోసం, వడ్డీ వ్యాపారి కోసం.

బేసిక్ తక్కువ రాయడంలో ఇంకో మోసం ఉంది. ఎమిరేట్స్ చట్టంలో ఓవర్‌టైమ్ లెక్క బేసిక్ మీదే. వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా మొదటి అయిదేళ్ళకు ఏడాదికి ఇరవై ఒక్క రోజుల బేసిక్. 900ను 600, 300గా విడగొట్టి రాస్తే అయిదేళ్ళు చేసిన మనిషి చేతికి గ్రాట్యుటీ 3,150 దిర్హమ్‌లకు బదులు 2,100 వస్తుంది. చట్టాన్ని ఎక్కడా మీరలేదు, డబ్బు మాత్రం పోయింది. కాగితం చదివేటప్పుడు పిల్లలు మొత్తం అంకె ఒక్కటే చూస్తారు. నేను వేలు పెట్టి బేసిక్ చూపిస్తే, "అది ఏదైతే ఏంది చిన్నాయనా, మొత్తం అంతే గదా" అంటారు. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను.

ఇక మీ శాఖ సంగతికి వస్తాను. మన కార్మికుణ్ణి ఏ దేశానికి, ఏ పనికి, ఎంత జీతం కంటే తక్కువకు పంపకూడదో మీ శాఖే నిర్ణయిస్తుంది. మినిమమ్ రెఫరల్ వేజ్ అంటారు దాన్ని. మీ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే బయటి దేశానికి పనికి పోవడానికి అనుమతి, ఇచ్చేటప్పుడు ఆ అంకె చూస్తారు. మంచి ఏర్పాటు. కానీ 2020 సెప్టెంబరులో, కరోనాతో మనవాళ్ళు జీతాలు పోగొట్టుకొని, గ్రాట్యుటీలు వదులుకొని విమానాలెక్కి వస్తున్న రోజుల్లో, మీ శాఖ ఆ అంకెను ముప్పై నుంచి యాభై శాతం దాకా కోసేసింది. ఎమిరేట్స్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు చాలన్నారు. అంటే 735 దిర్హమ్‌లు. అడిగితే, ఉద్యోగాలు పోకుండా ఉండాలంటే తప్పదన్నారు. గల్ఫ్ కార్మికుల తరఫున తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2021 జులై నాటికి ఆ కోత ఎత్తేసి పాత వేతనాలనే తిరిగి పెట్టారు. అందుకు మీకు కృతజ్ఞతలు చెప్పడానికి నాకు సంకోచం లేదు. కానీ ఒక సర్క్యులర్‌తో తగ్గిన జీతం, ఒక సర్క్యులర్‌తో పెరిగిన జీతం, రేపు ఇంకో సర్క్యులర్‌తో మళ్ళీ తగ్గదని మాకు ఎవరు చెప్పాలి?

అసలు మా అన్న కొడుక్కి ఆ రక్షణ కూడా దక్కలేదు. వాడు చేసిన తప్పేమిటో తెలుసా? పదో తరగతి పాసయ్యాడు. పది పాసయినవాడికి క్లియరెన్స్ అక్కర లేదు. క్లియరెన్స్ లేకపోతే ఆ కనీస వేతనం చూసేవాడూ లేడు. ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి కాదు. రెండేళ్ళకు 275 రూపాయల ప్రీమియంతో ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వచ్చే బీమా అది. ఈ మినహాయింపు ఇచ్చిన రోజుల్లో పది చదివినవాడు తన సంగతి తాను చూసుకోగలడని అనుకొని ఉంటారు. ఇవాళ మా ఊళ్ళో పది పాసవని పిల్లవాడు అరుదు. ఇంటర్ చదివినవాళ్ళు, డిగ్రీ చదివినవాళ్ళు అదే క్యాంపులో అదే పైమంచం మీద పడుకుంటున్నారు. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ పని చూసుకునేవాళ్ళ సంగతి చెప్పనే అక్కర లేదు. వాళ్ళు మీ పోర్టల్‌లో ఎక్కడా కనిపించరు.

జీతం ఎక్కువ అడిగితే కంపెనీలు మనవాళ్ళను మానేసి నేపాలీని, బంగ్లాదేశీని, ఆఫ్రికా నుంచి వచ్చినవాణ్ణి పెట్టుకుంటాయి అనేది అధికారుల మాట. కొట్టిపారేయదగ్గ మాట కాదు. నేను కళ్ళారా చూశాను. మా సైటులో ఒక బ్యాచి మనవాళ్ళు జీతం పెంచమని రెండు రోజులు గదుల్లోంచి బయటికి రాలేదు. నెల తిరగకముందే వాళ్ళ మంచాల మీద వేరే దేశం పిల్లలు పడుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. వాళ్ళ ఊళ్ళోనూ నా ఊళ్ళో లాంటి అప్పులే.

కానీ ఈ భయానికి విరుగుడు దిగజారడం కాదు. ఫిలిప్పీన్స్‌ను చూడండి. 2006లో ఆ దేశం తమ ఇంటిపని మనుషులను నెలకు 400 డాలర్ల కంటే తక్కువకు పంపబోమని తీర్మానించింది. కాగితం మీద 400 రాసి చేతికి తక్కువ ఇచ్చిన యజమానులు ఉన్నారు, నిజమే. అయినా గల్ఫ్ ఇళ్ళల్లో ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళు లేకుండా పోలేదు, తమ ఎంబసీ మెట్లెక్కి నిలదీయడానికి వాళ్ళకొక అంకె ఉంది. ఖతర్ 2021 మార్చి నుంచి ఏ దేశం వాడికైనా కనీసం 1,000 రియాళ్ళు, వసతి ఇవ్వకపోతే 500, తిండి పెట్టకపోతే 300 అదనంగా ఇవ్వాలని చట్టం చేసింది. అక్కడ నేపాలీ తక్కువకు వస్తాడన్న బెదిరింపు ఆ గీత కింద చెల్లదు. గీత అందరికీ ఒకటే అయినప్పుడు కూలీలు ఒకరి కడుపు ఒకరు కొట్టుకోవాల్సిన పని ఉండదు.

ఇది మా పొలాల్లో కూడా చూస్తున్నాను. మావాళ్ళు దుబాయికి పోతే, మా మళ్ళలో నాట్లు వేయడానికి బీహార్ నుంచి మనుషులొస్తున్నారు. నిరుటి యాసంగిలో నా పొలంలో నాటు వేసింది పదిమంది బీహారీ పిల్లలే. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకుంటారు. మా ఊరి ఆడకూలీలు అడిగిన దానికంటే తక్కువే. బేరమాడింది నేనే. దుబాయి క్యాంపులో నేర్చుకున్న హిందీతోనే బేరమాడాను. సాయంత్రం వాళ్ళు మోటారు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే, అందులో ఒకడి మడమలు నీటికి నాని తెల్లగా పగిలి ఉన్నాయి. ఎంత అప్పు చేసి రైలెక్కావురా అని అడిగాను. అంకె చెప్పాడు. ఆ రాత్రి మా ఇంటామె, "నిన్ను దుబాయిల ఎట్ల చూసిన్రో అట్లనే చూస్తివి వాళ్ళను" అంది. మర్నాడు ఊరి రేటే కట్టిచ్చాను. బీహారీలు రాబట్టే రేట్లు పడిపోయాయని మా ఊరి ఆడవాళ్ళు అంటారు, అదీ నిజమే. రేటు ఎంతకు దిగాలో చెప్పే హద్దు లేని చోట, ఎక్కువ అవసరంలో ఉన్నవాడి రేటే అందరి రేటవుతుంది. దుబాయిలో జరిగేదీ, జగిత్యాలలో జరిగేదీ ఇదే.

పని కోసం విదేశాలకు పోయేవాళ్ళ మీద ఉన్న 1983 ఎమిగ్రేషన్ చట్టం స్థానంలో కొత్త చట్టం తెస్తామని మీ శాఖ 2025 అక్టోబరులో ముసాయిదా విడుదల చేసి జనం అభిప్రాయాలు అడిగింది. నా అభిప్రాయం ఇదీ. కనీస వేతనం మాట చట్టంలోనే రాయండి, అధికారి సంతకంతో మారేలా ఉంచకండి. ఆ వేతనాన్ని ఆ దేశపు డబ్బులోనే రాసి, అక్కడి ధరలను బట్టి రెండేళ్ళకోసారి సవరించండి. బేసిక్ మొత్తం జీతంలో ఎంతకు తగ్గకూడదో చెప్పండి. పది పాసయినా, డిగ్రీ చదివినా, కూలి పనికి పోయే ప్రతి ఒక్కరికీ వర్తింపజేయండి. 2024లో కొలంబో ప్రాసెస్‌కు మన దేశం మొదటిసారి అధ్యక్ష స్థానంలోకి వచ్చింది. మనుషులను పంపే ఆసియా దేశాలు కూర్చునే చోటు అది. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ అందరూ అందులో ఉన్నారు. ఈ అంకె కంటే తక్కువకు మేమెవరమూ మనుషులను పంపం అనే ఒక్క మాట అక్కడ కుదిర్చి చూడండి. కష్టమని తెలుసు. కానీ ఆ మాట మా ఊరి సర్పంచి అనలేడు, మా ఎమ్మెల్యే అనలేడు. మీరే అనాలి.

మా అన్న కొడుకు నిరుడు దసరాకు ఫోను చేశాడు. అప్పు తీరిందట. గొంతులో సంతోషం వినిపించింది. కాంట్రాక్టు రెన్యూవల్‌కు ఇచ్చారు చిన్నాయనా, ఫొటో పంపుతా చూడు అన్నాడు. పంపాడు. బేసిక్ దగ్గర 600 అనే ఉంది. సంతకం పెట్టమంటావా అని అడిగాడు. నేను వాడికి ఇంకా జవాబు చెప్పలేదు. మీ జవాబు కోసం చూస్తున్నాను.

ఇట్లు,
జగిత్యాల జిల్లా నుంచి ఒక పాత గల్ఫ్ కార్మికుడు