క్యాంపస్ చూడ్డానికి పిలిస్తే క్లాసులు జరిగే రోజే పిలవండి

సంపాదకుడికి,

అడ్మిషన్ల సమయం వచ్చిందంటే పత్రికల నిండా యూనివర్సిటీల ప్రకటనలే. "ఒకసారి మా క్యాంపస్‌కి వచ్చి చూడండి" అని దాదాపు ప్రతి దాంట్లో ఉంటుంది. ఈ ఏడాది నేను నాన్నతో కలిసి అలా నాలుగు చోట్లకు వెళ్లొచ్చాను. మూడు చోట్ల మమ్మల్ని పిలిచింది సెలవు రోజున. ఆడిటోరియం చూపించారు, కొత్త బిల్డింగ్, జిమ్ చూపించారు, ఒక వీడియో వేశారు, చివర్లో అప్లికేషన్ చేతిలో పెట్టారు. ఒక ల్యాబ్‌లో అయితే మెషీన్లకి చుట్టి వచ్చిన ప్లాస్టిక్ కవర్ కూడా ఇంకా తీయలేదు. నాలుగేళ్లు ఎవరితో కలిసి చదవాలో ఆ విద్యార్థులు ఒక్కరూ కనపడకుండానే బయటికి వచ్చేశాం.

నాలుగోచోటికి బుధవారం వెళ్లాం. మమ్మల్ని తిప్పుతున్న సెకండియర్ అక్కకి మధ్యలో ఏదో పని పడింది, అరగంట మీరే తిరగండి అని చెప్పి వెళ్లింది. ఆ అరగంటలో తెలిసినంత మిగతా మూడు చోట్లా కలిపి కూడా తెలియలేదు. డిపార్ట్‌మెంట్ వరండాలో ఒక నోటీసు బోర్డు ఉంది. హాజరు తగ్గినవాళ్ల జాబితా, ల్యాబ్ పరీక్షల బ్యాచ్‌లు, ఏ సార్ ఏ టైములో గదిలో ఉంటారో చేత్తో రాసిన కాగితం, ఎవరిదో కాలిక్యులేటర్ పోయిందని ఒక చీటీ, లెక్కల్లో వెనకబడ్డవాళ్లకి సాయంత్రం సీనియర్లు చెప్పే క్లాసు వివరాలు. తేదీలన్నీ ఆ వారానివే. అక్కడ చదువు రోజూ నడుస్తోందని నాకు నమ్మకం కలిగింది ఆ బోర్డు చూశాకే.

తర్వాత ధైర్యం చేసి ఒక మేడమ్‌ని అడిగితే వెనక బెంచీలో కూర్చోనిచ్చారు. పాఠం నాకు సగం కూడా అర్థం కాలేదు. కానీ ఒకబ్బాయి లేచి డౌట్ అడిగితే ఆవిడ బోర్డు తుడిచేసి, మళ్లీ మొదటి లైను నుంచి చెప్పారు. మన డౌట్‌కి కూడా ఇలాగే ఆగుతారు అన్న భరోసా ఏ బ్రోషర్ ఇస్తుంది? నాన్నకి మోకాళ్ల నొప్పి, అందుకని ఆ బిల్డింగ్‌లో మూడో అంతస్తుకి లిఫ్ట్ లేదన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థి ఆ అంతస్తుకి ఎలా వెళ్లాలి?

బ్రోషర్‌లో పదిహేను మందికి ఒక టీచర్ అని ఉంది, ఆ క్లాసులో మాత్రం వంద మందికి పైనే ఉన్నారు. అంకె తప్పు కాదట. మొత్తం విద్యార్థుల్ని మొత్తం అధ్యాపకులతో భాగిస్తే వచ్చే లెక్క అది, అందులో ఎక్కువగా పీజీ వాళ్లకి చెప్పేవాళ్లు, రీసెర్చ్‌లో ఉండేవాళ్లు కూడా కలుస్తారు. అందుకే ఫస్టియర్ క్లాసులో ఎంతమంది కూర్చుంటారు అని సూటిగా అడగాలి. ఉద్యోగాల సగటు జీతం కూడా ఇంతే. తొమ్మిది మందికి 4 లక్షల చొప్పున, ఒక్కరికి 64 లక్షలు వస్తే సగటు 10 లక్షలు అవుతుంది, కానీ అక్కడ 10 లక్షలు వచ్చినవాళ్లు ఎవరూ లేరు. మీడియన్, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చేది ఎంత అని అడిగితే 4 లక్షలని తేలుతుంది. ఈ తేడా మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

2020లో కరోనాతో క్యాంపస్‌లు మూతపడ్డాక వర్చువల్ టూర్లు బాగా పెరిగాయి. దూరం నుంచి రాలేనివాళ్లకి అవి ఎంతో మేలు, కాదనను. కానీ కెమెరా ఎక్కడ పెట్టాలో వాళ్లే నిర్ణయిస్తారు కదా. దానికి బదులు ఒక మామూలు క్లాసుని ఆన్‌లైన్‌లో లైవ్‌గా చూడనిస్తే చాలు.

యూనివర్సిటీలను నేను అడిగేది పెద్ద ఖర్చయ్యే పని కాదు. టూర్ పని రోజున పెట్టండి, ఒక క్లాసులో కూర్చోనివ్వండి, స్టాఫ్ ఎవరూ పక్కన లేకుండా పావుగంట విద్యార్థులతో మాట్లాడనివ్వండి. టూర్ తేదీ ప్రకటించేటప్పుడే ఆ రోజు క్లాసులు ఉంటాయో లేవో కూడా రాయండి. సంపాదకుడు గారూ, మీ అడ్మిషన్ల పేజీలో ఆ తేదీలు వేసేటప్పుడు ఈ ఒక్క వివరం మీరూ అడిగి వేస్తే నాలాంటివాళ్లకి చాలా సాయం చేసినట్టే.

– డిగ్రీలో చేరబోతున్న ఒక విద్యార్థిని