కొట్టివేతల జాబితాలో రౌండు అంకె ఏది?

సంపాదకులకు నమస్కారాలు.

అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ వృత్తి లీగ్) సీజన్ మొదలవబోతున్న సందర్భంగా మీ క్రీడల పుటలో ఫాంటసీ ఫుట్‌బాల్ గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. తెలుగు పత్రికలో ఈ ఆటకు అంత చోటు దక్కడం సంతోషించదగ్గ విషయమే. అయితే ఆ వ్యాసం చివర ‘డ్రాఫ్ట్‌లో వీరి జోలికి పోవద్దు’ అంటూ ఇచ్చిన పేర్ల పట్టిక విషయంలో నాకొక అభ్యంతరం ఉంది. అందులోని పేర్ల మీద నాకు పెద్దగా పేచీ లేదు. ఏ ఒక్క పేరు పక్కనా రౌండు అంకె లేకపోవడమే నా పేచీ. ఎన్నో రౌండులో వద్దో చెప్పకుండా ఫలానా ఆటగాడు వద్దనడం, ధర చెప్పకుండా సరుకు ఖరీదైనదని తీర్పు ఇచ్చినట్టు ఉంటుంది.

ఆట తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. పదిమందో పన్నెండుమందో కలిసి కూర్చుని, నిజమైన ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లను వంతులవారీగా తమ తమ ఊహాజట్లలోకి ఎంచుకుంటారు. ఈ ఎంపికే డ్రాఫ్ట్, అందరి వంతూ ఒకసారి పూర్తయితే ఒక రౌండు. మొదటి రౌండులో అందరికన్నా ముందు ఎంచుకున్నవాడు రెండో రౌండులో అందరికన్నా చివర ఎంచుకోవాలి. ఆ తర్వాత ఆ ఆటగాళ్లు మైదానంలో చేసిన ప్రతి పనికీ పాయింట్లు వస్తాయి. సాధారణంగా పరుగెత్తిన ప్రతి పది యార్డులకు ఒకటి, టచ్‌డౌన్‌కు, అంటే బంతిని ప్రత్యర్థి గోల్‌లైన్ దాటిస్తే, ఆరు. వేలాది డ్రాఫ్ట్‌లలో ఒక్కో ఆటగాడు సగటున ఎన్నో స్థానంలో పోతున్నాడో లెక్కకట్టి ఆగస్టు నెల అంతా ప్రచురిస్తూ ఉంటారు. ఆ సగటు స్థానమే అతని ధర. చిక్కంతా ఎక్కడ వస్తుందంటే, ఆ ధర చాలావరకు గడిచిన ఏడాది ఫలితాన్ని చూసి నిర్ణయమైనదై ఉంటుంది, మనకు వచ్చే పాయింట్లు మాత్రం రాబోయే ఏడాదివి.

ఈ పొరపాటు ఆటతో పాటే పుట్టిందేమోనని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. ఓక్లండ్‌లో 1963లో జరిగిన మొట్టమొదటి ఫాంటసీ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో తొలి ఎంపిక జార్జ్ బ్లాండా. 1961లో 36 టచ్‌డౌన్ పాస్‌లు విసిరిన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) అతను. పైగా బంతిని తన్నే కిక్కర్ కూడా తనే. ఆ పేరు అందరినీ ఊరించి ఉంటుంది. కాని 1963 సీజన్‌లో అతను 24 టచ్‌డౌన్ పాస్‌లు విసిరితే, ప్రత్యర్థుల చేతికి చిక్కిన పాస్‌లు 25. ఆ తొలి ఎంపికకు అందుబాటులో ఉండి కూడా మిగిలిపోయిన రన్నింగ్ బ్యాక్ (బంతి మోసుకుని పరుగెత్తే ఆటగాడు) జిమ్ బ్రౌన్ అదే ఏడాది 1,863 యార్డులు పరుగెత్తాడు.

గడిచిన ఏడాది ధర అనే ఉచ్చు అన్నిటికన్నా గట్టిగా బిగుసుకునేది టచ్‌డౌన్ల దగ్గరే కనుక దాని గురించి కాస్త వివరంగా రాయడం అవసరం. 2022లో డెట్రాయిట్ లయన్స్ రన్నింగ్ బ్యాక్ జమాల్ విలియమ్స్ 1,066 యార్డులు పరుగెత్తి, పరుగుతో చేసిన 17 టచ్‌డౌన్లతో ఆ లెక్కలో లీగ్ మొత్తంలో మొదట నిలిచాడు. యార్డుల ద్వారా అతనికి వచ్చిన పాయింట్లు సుమారు 106, టచ్‌డౌన్ల ద్వారా వచ్చినవి 102. అంటే అతని విలువలో దాదాపు సగం గోల్‌లైన్ ముంగిట, ఒకటి రెండు యార్డుల దూరంలో బంతి అతని చేతికి అందడం వల్ల వచ్చింది. మరుసటి ఏడాది అతను న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ జట్టుకు వెళ్లి, సీజన్ మొత్తానికి 306 యార్డులు, ఒకే ఒక్క టచ్‌డౌన్‌తో సరిపెట్టుకున్నాడు. అదే ఏడాది డెట్రాయిట్‌లో ఏం జరిగిందో చూస్తే అసలు సంగతి బోధపడుతుంది. అతని చోటులోకి వచ్చిన డేవిడ్ మాంట్‌గొమరీ 13 సార్లు, కొత్తగా చేరిన జమీర్ గిబ్స్ 10 సార్లు పరుగుతో టచ్‌డౌన్ సాధించారు. టచ్‌డౌన్లు లయన్స్ దగ్గరే ఉండిపోయాయి. విలియమ్స్ వాటిని మూటగట్టుకుని వెళ్లలేకపోయాడు. మయామీ డాల్ఫిన్స్‌కు చెందిన రహీమ్ మోస్టర్ట్ కథ ఇంకొక రకం. అతను జట్టు మారలేదు, కాని 2023లో మొత్తం 21 ఉన్న టచ్‌డౌన్లు 2024లో 2కు పడిపోయాయి.

దీన్ని తిరగేసి చూడడం కూడా నేర్చుకోవాలి. కాల్విన్ జాన్సన్ 2012లో 1,964 యార్డుల పాస్‌లు అందుకుని కొత్త రికార్డు సృష్టించాడు, అయినా టచ్‌డౌన్లు అయిదే వచ్చాయి. అంత దూరం బంతిని మోసుకుపోయినవాడు గీత దాటకుండా పదేపదే ఆగిపోవడం మళ్లీ మళ్లీ జరిగే పని కాదు. తర్వాతి ఏడాది యార్డులు 1,492కు తగ్గినా టచ్‌డౌన్లు 12 అయ్యాయి. కాబట్టి యార్డుల కన్నా టచ్‌డౌన్ల మీదే ఎక్కువగా నిలబడిన ఆటగాడు మొదటి మూడు రౌండ్లలో కనిపిస్తే నేను కొట్టివేస్తాను. అతనే ఎనిమిదో రౌండుకు జారితే ఆలోచించకుండా తీసుకుంటాను. మీ పట్టికలో ఈ రెండో వాక్యానికి చోటు లేదు.

రన్నింగ్ బ్యాక్‌ల శ్రమ గురించి మీ వ్యాసకర్త రాసిన మాటలతో సగమే ఏకీభవిస్తాను. ఒక సీజన్‌లో 370 సార్లు గానీ అంతకు మించి గానీ బంతి మోసినవాడు మరుసటి ఏడాది కుదేలవుతాడన్న నమ్మకం ఫాంటసీ ఆడేవారిలో చాలాకాలంగా ఉంది. ఉదాహరణలు లేకపోలేదు. సియాటిల్ సీహాక్స్‌కు ఆడిన షాన్ అలెగ్జాండర్ 2005లో సరిగ్గా 370 సార్లు పరుగెత్తి 1,880 యార్డులు చేసి లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. 2006లో పాదం ఎముక విరిగి 896 యార్డుల దగ్గర ఆగిపోయాడు. కాన్సస్ సిటీ చీఫ్స్‌కు చెందిన లారీ జాన్సన్ 2006లో 416 సార్లు బంతి మోసి రికార్డు నెలకొల్పాడు. 2007లో ఆడినవి ఎనిమిది మ్యాచ్‌లే. అయితే ఇక్కడ శ్రమ ఒక్కటే కారణమని తేల్చడం తొందరపాటు. అన్నిసార్లు బంతి చేతికి రావాలంటే ఆ ఏడాది గాయం కాకూడదు, జట్టు గెలుస్తూ ఉండాలి, అతనికి దారి చేసిపెట్టే సొంత జట్టు ముందు వరుస బలంగా ఉండాలి. ఇన్నీ కలిసొచ్చిన ఏడాది శిఖరం వంటిది. దాని తర్వాతి ఏడాది చాలావరకు కిందికే ఉంటుంది.

ఆ సంగతిని డిమార్కో మర్రీ చక్కగా నిరూపించాడు. డాలస్ కౌబాయ్స్ తరఫున 2014లో 392 సార్లు పరుగెత్తి 1,845 యార్డులు చేసిన అతను, 2015లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు మారి 702 యార్డులకు పడిపోయాడు. ఆ ఏడాది అతణ్ణి అధిక ధరకు తీసుకున్నవారు నష్టపోయారు. కాని చేయి కాలినవారు 2016లో అతని పేరు వినడానికే ఇష్టపడకపోవడంతో ధర దిగిపోయింది. అప్పుడతను టెనెసీ టైటన్స్‌కు ఆడి 1,287 యార్డులు చేశాడు. మొదటి ఏడాది తప్పుకోవలసిన ఆటగాడు, రెండో ఏడాది పట్టుకోవలసిన ఆటగాడు ఒకే మనిషి. మారింది ధర.

వయసు విషయంలో నా అనుభవమే చెబుతాను. ముప్ఫై ఏళ్ల రన్నింగ్ బ్యాక్‌ను తీసుకోరాదన్నది నేను ఏళ్ల తరబడి పాటించిన నియమం. 2024లో డెరిక్ హెన్రీకి ముప్ఫై నిండాయి, బాల్టిమోర్ రేవెన్స్‌కు మారాడు. మా డ్రాఫ్ట్‌లో రెండో రౌండులో నా వంతు వచ్చినప్పుడు ఇంకా మిగిలే ఉన్నాడు. నియమం ప్రకారం కొట్టివేసి, నా తర్వాతి మిత్రుడికి అప్పగించాను. హెన్రీ ఆ ఏడాది 1,921 యార్డులు, పరుగుతో 16 టచ్‌డౌన్లు చేశాడు. ఆ మిత్రుడు నాకు ఇప్పటికీ ప్రతి ఆగస్టులో కృతజ్ఞతలు చెబుతూ ఉంటాడు. నియమం పూర్తిగా తప్పని నేను అనను. మొదటి అయిదు స్థానాల్లో అయితే అది సరైనదే. రెండో రౌండు మధ్యకు వచ్చేసరికి అతని ధరలో వయసు తాలూకు తగ్గింపు అప్పటికే కలిసి ఉన్నదని నేను గమనించలేదు.

గాయాల సంగతికి వస్తే, మీ పట్టికలో సగం పేర్లు ‘తరచూ గాయపడతాడు’ అన్న కారణంతోనే చేరాయి. మానిన గాయాన్నీ మానని గాయాన్నీ ఒకే గాటన కట్టడం ఇందులోని లోపం. క్రిస్టియన్ మెక్‌కాఫ్రీ 2020లో మూడు మ్యాచ్‌లు, 2021లో ఏడు మ్యాచ్‌లు మాత్రమే ఆడాడు. ఆ చరిత్ర చూసి భయపడి వదిలేసినవారు, 2023లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ తరఫున అతను మొత్తం 21 టచ్‌డౌన్లు చేస్తుంటే చూస్తూ ఊరుకోవలసి వచ్చింది. 2024 ఆగస్టులో పరిస్థితి వేరు. అతను కాలి పిక్క నొప్పితో సాధనకు దూరంగా ఉన్నాడు. ఆ వార్త అందరికీ తెలిసినదే. అయినా అసంఖ్యాకమైన డ్రాఫ్ట్‌లలో మొట్టమొదటి ఎంపిక అతనే అయ్యాడు. తొలి మ్యాచ్‌కే మైదానంలోకి దిగలేదు, అతని బదులు ఆడిన జోర్డన్ మేసన్ 147 యార్డులు చేశాడు, మెక్‌కాఫ్రీ ఏడాది మొత్తంలో నాలుగు మ్యాచ్‌లకే పరిమితమయ్యాడు. డ్రాఫ్ట్ రోజున సాధన చేయలేకపోతున్న మనిషికి పూర్తి ధర చెల్లించకూడదన్నది నేను నమ్మే కొద్ది సూత్రాలలో ఒకటి. దీనికి భిన్నంగా 2017లో తొలి మ్యాచ్‌లోనే మణికట్టు దెబ్బతిన్న డేవిడ్ జాన్సన్‌ను తీసుకున్నవారు ఏ తప్పూ చేయలేదు. అది దురదృష్టం, దానికి జాబితా ఏదీ మందు కాదు.

ఏ ధరకైనా వద్దనదగినవారు అసలే లేరా అంటే, ఉన్నారు, కాని చాలా తక్కువ. జట్టుతో ఒప్పందం కుదరక శిబిరానికే రాని ఆటగాడు ఆ కోవలోకి వస్తాడు. 2018లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ ఇవ్వజూపిన దాదాపు కోటీ 45 లక్షల డాలర్ల ఏడాది ఒప్పందంపై లెవియాన్ బెల్ సంతకం చేయలేదు. ఇవాళ కాకపోతే రేపు వస్తాడన్న ఆశతో మొదటి రౌండులో తీసుకున్నవారికి ఆ సీజన్‌లో ఒక్క పాయింటూ రాలేదు. అతని స్థానంలో ఆడిన జేమ్స్ కానర్ పరుగుతో 12 టచ్‌డౌన్లు చేశాడు. ఇలాంటి సందర్భంలో పెద్ద పేరును వదిలి, చివరి రౌండ్లలో అతని ప్రత్యామ్నాయాన్ని పట్టుకోవడం తెలివైన పని. ఇక క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ 2019 ఆగస్టు 24న హఠాత్తుగా రిటైర్ అయినప్పుడు, అప్పటికే డ్రాఫ్ట్ ముగించుకున్నవారు చేయగలిగింది లేకపోయింది. సీజన్ మొదలయ్యే వారంలోనే డ్రాఫ్ట్ పెట్టుకోమని నేను మా బృందాన్ని పోరుతున్నది అందుకే.

క్వార్టర్‌బ్యాక్‌ల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. పన్నెండు జట్ల పోటీలో ఒక్కొక్కరు ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే ఆడిస్తారు, ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్న జట్లు 32. కనుక కొరత లేదు. పాట్రిక్ మహోమ్స్ 2018లో 50 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడని 2019లో అతని కోసం ముందే ఎగబడ్డవారికి 26 దక్కాయి. అదే ఏడాది వెనకటి రౌండ్లలో దొరికిన లామార్ జాక్సన్ 36 టచ్‌డౌన్ పాస్‌లు విసరడమే కాక 1,206 యార్డులు పరుగెత్తాడు.

వేలం పద్ధతిలో ఆడేవారికి నా వాదన ఇంకా సులువుగా అర్థమవుతుంది. అక్కడ ప్రతివారి దగ్గరా సాధారణంగా 200 డాలర్ల ఊహాధనం ఉంటుంది. 40కి వద్దనుకున్న ఆటగాణ్ణి 15కు ఎవరూ వద్దనరు. అంతేకాదు, తమకు అక్కరలేని పెద్ద పేర్లను వేలంలోకి తామే మొదట పిలిచి, ఎదుటివారి సొమ్ము కరిగించడం అనుభవజ్ఞులు చేసే పని. కొట్టివేతల జాబితాకు ఇంతకు మించిన ఉపయోగం నేను చూడలేదు.

వచ్చే సంచికలో ఆ పట్టికను మళ్లీ ప్రచురించే ఉద్దేశం ఉంటే, ప్రతి పేరు పక్కన రెండు అంకెలు అచ్చువేయవలసిందిగా మనవి చేస్తున్నాను. ఒకటి, ప్రస్తుతం ఆ ఆటగాడు ఏ రౌండులో పోతున్నాడు; రెండోది, ఏ రౌండుకు దిగితే మీ వ్యాసకర్త అతణ్ణి తీసుకుంటారు. రెండో అంకె వేయలేని పేర్లు ఏవైనా మిగిలితే వాటికి కారణం ఒక్క వాక్యంలో రాయవచ్చు. అవి రెండో మూడో మించవని నా అంచనా.

ఇట్లు,
పదకొండేళ్లుగా డ్రాఫ్ట్ బల్ల దగ్గర కూర్చుంటున్న ఒక పాఠకుడు