పురానాపూల్‌కు దీపాలు తర్వాత, ముందు కమానుల కింద చూడండి

మూసీ పునరుజ్జీవన పనుల బాధ్యత చూస్తున్న మంత్రిగారికి,

నమస్కారం. మూసీ తీరాన్ని అందంగా తీర్చిదిద్దాలన్న మాట వచ్చినప్పుడల్లా పాత వంతెన పురానాపూల్‌కు దీపాలు అమర్చాలన్న మాటా వెంట వస్తుంది. దీపాలమీద నాకు కోపం లేదు. అవి పెట్టేముందు ఒక్కసారి వంతెన కిందికి దిగి చూడమనే ఈ ఉత్తరం.

ఇబ్రహీం కులీ కుతుబ్ షా 1578లో ఈ వంతెన కట్టించేనాటికి హైదరాబాద్ లేదు. చార్మినార్ 1591 నాటిది. అంటే ఊరికంటే వంతెన పదమూడేళ్లు పెద్దది. భాగమతి కోసం యువరాజు వరదలో గుర్రాన్ని దూకించాడని, బెదిరిపోయిన తండ్రి వంతెన వేయించాడని ఒక కథ చెబుతారు. అది ‘ప్యారానా పూల్’, అంటే ప్రేమ వంతెన అట! ఆ యువరాజు మహమ్మద్ కులీ పుట్టింది 1565లో. వంతెన లేచేసరికి అతనికీ పదమూడేళ్లే. కథ తీయనిదే, లెక్కే కుదరదు. గోల్కొండ నుంచి వర్తకులకూ సైన్యానికీ వానాకాలంలో నది దాటే దారి కావాలి కదా, నా మటుకు ఆ కారణం చాలు.

పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, ఈ వంతెన అందంలో పారిస్‌లోని పాంట్ నెఫ్ వంతెనకు ఏమంత తీసిపోదని రాశాడు. చిత్రమేమిటంటే పాంట్ నెఫ్‌కు శంకుస్థాపన జరిగిందీ 1578లోనే. అది పూర్తయ్యేసరికి 1607 వచ్చింది.

ఇక 1908 సెప్టెంబరు 28. మూసీ ఊరిమీద పడి వేలమందిని మింగింది. అఫ్జల్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిన్నాయి. రెండు గట్ల నడుమ మిగిలిన దారి పురానాపూల్ ఒక్కటే. ఆరువందల అడుగుల పొడవున ఇరవైకి పైగా రాతి కమానులు ఆ ప్రవాహానికి దారి ఇచ్చి నిలబడ్డాయి. కమానులో ఒక రాయి పక్క రాయిని ఒత్తుకుని ఉంటుంది, పైబరువు ఆ పట్టును ఇంకా బిగిస్తుంది. కాని కాళ్లు కదలకూడదు, నీటికి దారి మూయకూడదు.

ఇప్పుడు ఆ దారే మూసుకుపోతోంది. కమానుల కింద పూడిక, చెత్త, కట్టడాల శిథిలాలు. రాళ్ల సందుల్లో రావి మొక్కలు వేళ్లు తన్నాయి. పైపైన నరికితే అవి మరింత బలంగా చిగురిస్తాయి, వేళ్లతో సహా చంపాలి. ఆ సందులను సిమెంటుతో మాత్రం పూడ్పించకండి. గానుగలో నూరిన డంగు సున్నం తేమను బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగబట్టి రాతి అంచులను తినేస్తుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు దొరకరని గుత్తేదారు అనవచ్చు. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆ పని జరిగింది, అక్కడ చేసినవాళ్లను అడగమనండి.

వంతెన మీద ఏళ్లుగా కూరగాయలు అమ్ముకుంటున్నవారి మాట కూడా. మరమ్మతుల కోసం వాళ్లను లేపవలసి వస్తే, ముందు గట్టున చోటు చూపించి తర్వాత లేపండి. బండ్లు ఎప్పుడో పక్క వంతెనకు మళ్లాయి, ఈ వంతెన మీద ఇంకా జనం తిరుగుతున్నారంటే ఆ గంపల పుణ్యమే.

వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు రండి. దక్షిణపు దర్వాజా దగ్గర కలుస్తాను. చెప్పులు మాత్రం పాతవి వేసుకురండి, కింద బురద ఎక్కువ.

ఇట్లు,
పాతబస్తీ నివాసి