మిషన్ ముట్టకుండానే సర్టిఫికెట్ ఇవ్వొద్దు: నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను తిరుపతిలో 22 ఏళ్లుగా ఏసీ, ఫ్రిజ్ రిపేరు షాపు నడుపుతున్నాను. నా దగ్గర నలుగురు పనిచేస్తారు. కొండకొచ్చే భక్తుల వల్ల ఈ ఊళ్లో లాడ్జీలకు, హోటళ్లకు కొదవ లేదు. మార్చి దాటిందంటే మా ఫోన్లకు విరామం ఉండదు, పనికి మనుషులు చాలరు. అదే వీధిలో ఐటీఐ, డిగ్రీ చదివిన పిల్లలు పని లేక అరుగుల మీద కూర్చుని ఉంటారు. ఆ బాధతోనే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఏప్రిల్లో పల్లె నుంచి ఒక అబ్బాయి పని అడగడానికి వచ్చాడు. మూడు నెలల ఏసీ టెక్నీషియన్ కోర్సు చేశాడట. సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి జాగ్రత్తగా తెచ్చాడు. కాపర్ పైపు ముక్క ఇచ్చి ఫ్లేరింగ్, అంటే పైపు మూతిని గరాటులా విప్పడం, చెయ్యమన్నాను. కట్టర్ తిప్పి కోశాడు. లోపలి అంచున నిలిచిన రజను గీకలేదు. నట్టు ముందే పైపుకు ఎక్కించుకోవాలని తెలియదు. పైపు మూతి విప్పేశాక నట్టు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. విప్పిన మూతి మీదుగా నట్టు ఎక్కదు, బిగించిన లైన్లో అయితే మళ్లీ కోయాల్సిందే. వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అన్నా, మాకు తెర మీద చూపించినారన్నా. ముప్పై మందికి ఒకటే మిషన్. నా వంతు రెండుసార్లే వచ్చింది" అన్నాడు. అందులో వాడి తప్పేముంది సార్?

ఆ మూతి సరిగ్గా కూర్చోకపోతే గ్యాస్ లీకవుతుంది. పాత ఏసీల్లో ఆర్-22 అనే గ్యాస్ ఉండేది. ఇప్పుడు కొత్తవాటిలో ఎక్కువగా కనిపించే ఆర్-32కు కొంత మండే గుణం ఉంది. గ్యాస్ పైపు లైన్లో గాలి, తేమ మిగలకుండా వాక్యూమ్ పంపుతో లాగాలి, గేజ్ చూసి ఆపాలి. ఔట్‌డోర్ యూనిట్ బిగించేది ఒక్కోసారి మూడో అంతస్తు గోడకు, నడుముకు తాడు కట్టుకుని. ఇదంతా పది ఇరవై సార్లు చెడగొట్టి నేర్చుకోవాల్సిన పని. పుత్తూరు కట్టయినా, మాధవమాల కొయ్యబొమ్మయినా, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డను కరక్కాయ, పాలల్లో తడపడమయినా, మన దగ్గర ఏ చేతిపనీ ఒకరి పక్కన కూర్చుని చెయ్యకుండా వచ్చింది కాదు.

మన జిల్లాలో అవకాశాలు లేవని ఎవరూ అనలేరు. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ 2023లోనే ఏసీల ఫ్యాక్టరీలు తెరిచాయి. 2025లో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ కంపెనీలు ఉన్నాయి. ఇన్ని ఏసీలు ఇక్కడే తయారవుతుంటే వాటిని బిగించడం, బాగుచేయడం మన పిల్లలకు రావద్దా?

అందుకే అడుగుతున్నాను. శిక్షణ సంస్థలకు హాజరు పట్టీ చూసి, సర్టిఫికెట్ల లెక్క చూసి డబ్బు ఇవ్వడం ఆపండి. పిల్లవాడి చేతిపని చూసి ఇవ్వండి. పరీక్షకు ఆ సంస్థతో సంబంధం లేని మెకానిక్‌ను కూర్చోబెట్టండి. పైపు మూతి విప్పించి, నట్టు బిగించి, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి సబ్బు నురగ రాస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. బుడగ లేచిందంటే ఇంకా నేర్పాలి. పిలిస్తే ఆదివారాలు నేనే వస్తాను, పైసా వద్దు.

రెండోది అప్రెంటిస్‌ల సంగతి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. మాలాంటి చిన్న షాపులకు అది నిర్బంధం కాదు, కానీ ఇష్టమైతే పెట్టుకోవచ్చు. 2016లో వచ్చిన ప్రోత్సాహక పథకంలో స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రం భరిస్తుంది. మా మెకానిక్‌లలో ఈ సంగతి తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెలిసినా ఆ పోర్టల్, ఆ ఒప్పంద పత్రాలంటే టెన్షన్. సీజన్లో స్పానర్ పక్కన పెట్టి కంప్యూటర్ ముందు కూర్చోవడం మా వల్ల కాదు. ఐటీఐ నుంచి ఒక ఉద్యోగి షాపుకొచ్చి రెండు గంటలు కూర్చుని ఆ కాగితాలు పూర్తిచేయిస్తే, మా వీధిలోనే ఐదారుగురు పిల్లలకు చోటు దొరుకుతుంది.

మా దగ్గర 14 ఏళ్లుగా ఉన్న పెద్దాయన ఎనిమిదో తరగతితో చదువు మానేశాడు. కంప్రెసర్ మోత విని లోపం ఎక్కడుందో చెప్పేస్తాడు. చేతిలో కాగితం లేదని ఒక కంపెనీ గేటు దగ్గరే వెనక్కి పంపేసింది. అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి మీ శాఖలో ఉంది కదా. అది ఇలాంటివాళ్ల దాకా రావాలి, వాళ్లు పని మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగలేరు.

ఆడపిల్లల గురించి కూడా ఆలోచించండి. తెల్లారకముందే కంపెనీ బస్సుల కోసం రోడ్డు మీద నిలబడే అమ్మాయిలను రోజూ చూస్తున్నాను. ఫ్యాక్టరీ లైన్లో గంటల తరబడి బోర్డులు బిగించే ఆ చేతులకు రిపేరు పని కష్టమేమీ కాదు. నేర్పేవాళ్లు కావాలి, అంతే.

ఆ అబ్బాయి ఇప్పుడు నా దగ్గరే ఉన్నాడు. మొదటి వారం ఐదు మీటర్ల పైపు పాడుచేశాడు, నేనేమీ అనలేదు. పోయిన సోమవారం లాడ్జీలో ఒక లైను మొత్తం ఒక్కడే కలిపాడు, బుడగ రాలేదు. ఆ ఐదు మీటర్ల పైపూ, ఆ వారం రోజులూ వాడికి శిక్షణ కేంద్రంలోనే దొరికి ఉండాల్సింది. వచ్చే బ్యాచ్ పిల్లలకైనా దొరికేలా ఆదేశాలివ్వండి.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్,
తిరుపతి