23 జాతుల నిషేధం తీర్మానం రద్దయింది: చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

బెజవాడ, గుంటూరు మిత్రులందరికీ నమస్కారం.

పటమట వైపు ఒక అపార్టుమెంటు సంఘం "ఈ 23 జాతుల కుక్కలు మన ఆవరణలో ఉండరాదు" అని చేసుకున్న తీర్మానాన్ని మొన్నటి సర్వసభ్య సమావేశంలో తనే రద్దు చేసుకుంది. దాని స్థానంలో కుక్క జాతిని వదిలేసి, ప్రవర్తన చూసే నిబంధనలు పెట్టుకుంది. దానికి వినతిపత్రం, ఆ నిబంధనల ముసాయిదా రాసినవాళ్లం మేము. బ్రాడీపేట, విద్యానగర్ నుంచి కూడా కొందరు ఆ ముసాయిదా అడుగుతున్నారు. అందుకే ఉత్త "థాంక్స్" చెప్పి ఊరుకోకుండా, ఎవరి సాయం ఎక్కడ పనికొచ్చిందో వివరంగా రాస్తున్నాం. అడిగినవాళ్లకూ ఇదే జవాబు.

మొదటి నమస్కారం న్యాయవాది మిత్రులకు. ఆ 23 జాతుల జాబితా 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్‌లోది. దిగుమతి, పెంపకం, అమ్మకం ఆపమనీ, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సంతాన నిరోధక ఆపరేషన్ చేయించమనీ దాని సారాంశం. ఆ కాగితం వాట్సాప్‌లో తిరిగినంత వేగంగా దాని తర్వాతి కథ తిరగలేదు. 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. కుక్కలు పెంచేవాళ్లను, సంబంధం ఉన్న సంస్థలను ఎవరినీ వినకుండా ఇలాంటి నిషేధం పెట్టడం కుదరదని చెప్పింది. ఏప్రిల్ 16న ఢిల్లీ హైకోర్టులోనూ అది నిలవలేదు. ప్రజల అభ్యంతరాలు పిలిచాకే నిర్ణయం తీసుకోవాలన్నారు. "అది కర్ణాటక తీర్పు, మనకేం సంబంధం" అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వస్తుంది. జవాబు ఒక్క వాక్యంలో ఉండాలి: కోర్టు కొట్టేసింది కర్ణాటక ప్రభుత్వ ఉత్తర్వును కాదు, కేంద్రం ఇచ్చిన సర్క్యులర్‌నే. తీర్పు మొత్తం ప్రింటు తీసి పంచితే ఎవరూ చదవరు. మొదటి పేజీ, చివరి ఆదేశం ఉన్న పేజీ, ఈ రెండే జతచేయమన్నది వాళ్ల సలహా. బాగా పనిచేసింది.

సంఘం మినిట్స్ పుస్తకం ముందు చూడమన్నదీ వాళ్లే. నిషేధం బైలాల్లోకి (సంఘం రిజిస్టరైన నిబంధనల్లోకి) ఎక్కిందా, ఉత్త తీర్మానమా అన్నది అక్కడే తేలుతుంది. తీర్మానమైతే తీర్మానంతో పోతుంది. బైలా అయితే సవరణ పద్ధతి వేరు, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు కూడా ఉంటుంది. రద్దు ప్రతిపాదన ఎజెండాలో విడి అంశంగా ఉండి తీరాలి. "ఇతర విషయాలు" కింద తోస్తే, నోటీసు ఇవ్వలేదని రేపు ఎవరో ఒకరు అడ్డుపడతారు. కుక్కలున్న అద్దెవాళ్లకు మామూలుగా ఓటు ఉండదు కాబట్టి ఫ్లాటు యజమాని సంతకంతో లేఖ ముందే తీసుకోవాలి. ఇక్కడే చాలా చోట్ల పని చెడుతుంది. హాల్లో చేతులు బోలెడు లేస్తాయి, లెక్కలోకి వచ్చేవి నాలుగే ఉంటాయి.

పశువైద్యులకు, గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుకున్న కుర్రాళ్లకు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. జాబితాను ఒక్కో పేరూ పట్టి విడదీసి చూపించారు. అందులో "టోసా ఇను" ఒకచోట, "జపనీస్ టోసా" ఇంకోచోట ఉన్నాయి. రెండూ ఒకే కుక్క. బోర్‌బోయల్ ఒకసారి విడిగా వస్తుంది, మాస్టిఫ్‌ల పక్కన మళ్లీ కనిపిస్తుంది. "టెర్రియర్స్" అని ఉత్త గుంపు పేరు కూడా ఉంది. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే ఆరేడు కిలోల జాక్ రస్సెల్ టెర్రియర్ కూడా నిషేధించాల్సిన కుక్కే. కాంగల్, షార్‌ప్లానినాక్ లాంటి గొర్రెల కాపలా కుక్కల్ని, పిట్‌బుల్‌ని, అకిటాని అన్నింటినీ ఒకే గాటన కట్టారు. ఆ పేజీని పెద్ద అక్షరాల్లో గోడమీద వేశాక, మాతో గట్టిగా వాదిస్తున్న పెద్దాయన కూడా నవ్వేశారు.

అసలు చిక్కు గుర్తింపులో ఉంది. పిట్‌బుల్ టెర్రియర్‌ని అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ ఒక జాతిగానే గుర్తించలేదు. ఇక వాచ్‌మన్ గేటు దగ్గర నిలబడి దాన్ని ఏ కాగితం చూసి గుర్తుపట్టాలి? మొహం చూసి చెప్పడం ఎంత నమ్మదగిందో అమెరికాలో పరీక్షించారు. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో నాలుగు షెల్టర్లలోని 120 కుక్కల్ని చూసి అక్కడి సిబ్బంది 62 పిట్‌బుల్ రకమే అన్నారు. డీఎన్‌ఏలో ఆ వారసత్వం తేలింది 25 కుక్కల్లోనే. రోజూ కుక్కల మధ్యే ఉండేవాళ్ల చూపే అంత తప్పింది. 2022లో "సైన్స్" పత్రికలో వచ్చిన పెద్ద పరిశోధన 18,000 పైచిలుకు కుక్కల మీద యజమానుల జవాబులు, 2,000 పైచిలుకు కుక్కల జన్యువులు కలిపి చూసింది. ఒక కుక్కకీ ఇంకో కుక్కకీ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి చెప్పగలిగేది సుమారు 9 శాతమే అని తేల్చింది. మిగతాది పెంపకం, వయసు, కట్టేసి ఉంచడం, చిన్నప్పుడు మనుషులతో అలవాటు, ఇంకా అనేక విషయాలు.

అలాగని పెద్ద కుక్క, చిన్న కుక్క ఒకటేనని మేము వాదించలేదు. అలా వాదించకుండా ఆపినావిడకు ఈ పోస్టులో అన్నిటికన్నా పెద్ద నమస్కారం. ఆవిడ కుక్క కాటు తిన్న మనిషి, నిషేధం ఉండాల్సిందేనన్న పక్షం. ముసాయిదా చదివి, ఎర్ర పెన్నుతో నింపి పంపారు. "పామరేనియన్ కరిస్తే కట్టు, నలభై కిలోల కుక్క కరిస్తే ఆపరేషన్. దీనికి మీ కాగితంలో జవాబేది?" అన్నది ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్న. దాని నుంచే బరువు నిబంధన పుట్టింది. 25 కిలోలు దాటిన ఏ కుక్కయినా, లాబ్రడారయినా రాట్‌వీలరయినా నాటుకుక్కయినా, ఉమ్మడి స్థలాల్లో పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి. ఆరడుగులు మించని లీషు (పట్టుకుని నడిపించే తాడు) కట్టాలి. లాగితే సాగే లీషు లిఫ్టులో, మెట్ల మీద వాడకూడదు. మెయిన్ డోరుకి లోపల ఇంకో అడ్డుగేటు ఉండాలి, ఎందుకంటే బెల్ కొట్టినప్పుడు తలుపు సందులోంచి దూసుకొచ్చే ప్రమాదమే ఎక్కువ. బరువు తూకం మీద తేలుతుంది, జాతి తేలదు. వాచ్‌మన్ అమలు చేయగల నిబంధన అదే.

ఆవిడ ఇంకోటి కూడా రాయించారు. కుక్కకు బీమా ఉంటే అందులో ఇతరులకు జరిగే నష్టానికి కవరు ఉందో లేదో చూడాలి, పాలసీలో మినహాయించిన జాతుల పట్టిక చదవాలి. చాలామంది రెండోది చదవరు.

కరిచిన కుక్కను ఏం చేయాలన్న దగ్గర కుక్కల ప్రవర్తన నిపుణుడైన పశువైద్యుడు డాక్టర్ ఇయాన్ డన్‌బార్ కాటు కొలమానం తీసుకున్నాం. అందులో ఆరు మెట్లు. ఒకటి, మీదికి ఎగబడి పళ్లు తగలనిది. రెండు, పళ్లు తగిలినా గుచ్చుకోనిది. మూడు, ఒకే కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, కోరపన్ను సగం కన్నా లోతు దిగనివి. నాలుగు, అంతకన్నా లోతు. అయిదు, పదేపదే కరవడం. ఆరు, ప్రాణం పోవడం. మొదటి రెండింటికీ రాతపూర్వక హెచ్చరిక, శిక్షకుడి దగ్గరకు పంపడం. మూడుకి పశువైద్యుడి పరీక్ష, ఆయన రాసిస్తే బయట మజిల్ (కరవకుండా మూతికి తగిలించే తొడుగు). నాలుగు దాటితే సంఘం చేతిలో ఉండే పని కాదు, అధికారుల దగ్గరకు వెళ్లాల్సిందే.

అక్కడ చట్టం ఇప్పటికే ఉంది, జాతి జాబితా అడిగేవాళ్లు మరిచిపోయేది ఇదే. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద, తన జంతువు వల్ల మనిషి ప్రాణానికో తీవ్ర గాయానికో ప్రమాదం ఉందని తెలిసీ జాగ్రత్త పడని యజమానికి ఆరు నెలల దాకా జైలు, రూ. 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేటు ఒక ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయమని, అవసరమైతే ఇంకా తీవ్రమైన ఆదేశం కూడా ఇవ్వగలరు. రెండూ ఫలానా కుక్క, ఫలానా యజమాని గురించి మాట్లాడతాయి. అర్జీతో పాటు కాటు తేదీ, ఆసుపత్రి చీటీ, ఫొటోలు, ముందిచ్చిన హెచ్చరిక నకలు ఉంటేనే కదలిక వస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చేట్టయితే ఒక అర్జీలో ఒకే కోరిక రాయండి. మూడు కలిపి రాస్తే మూడు శాఖలకు తిరిగి, చివరికి "పరిష్కరించబడింది" అని మూసేస్తారు.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన స్టాఫ్ నర్సు ఒకావిడ యాంటీ రేబిస్ రిజిస్టరులో ఏ గళ్లు ఉంటాయో వివరించారు. పేరు, వయసు, ఊరు, కరిచిన తేదీ, ఏ జంతువు, గాయం ఏ కేటగిరీ, ఏ డోసు ఎప్పుడు. జాతి అనే గడి ఉండదు. జాతిని ఎవరూ నమోదు చేయని చోట జాతి నిషేధం వల్ల కాట్లు తగ్గాయని గానీ పెరిగాయని గానీ రేపు ఎవరు చూపించగలరు? ఈ ఒక్క మాట మా మొత్తం వినతిపత్రాన్ని నిలబెట్టింది. సమాచార హక్కు కింద అడిగేటప్పుడు "ఎందుకు నమోదు చేయడం లేదు" అని రాయకండి. అది సమాచారం కిందకు రాదని తిప్పి పంపుతారు. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రిజిస్టరు నమూనా పేజీ నకలు, పేర్లు చెరిపి" అని అడగండి. పట్టణ కార్యాలయాల్లో ఫీజు రూ. 10, జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు.

నోటీసు బోర్డు కాగితం కూడా ఆ నర్సు పుణ్యమే. కాటు పడగానే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు పెట్టకూడదు. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) కూడా అడగాలి. రేబిస్‌కి జాతి పట్టింపు లేదు.

మజిల్ విషయంలో గవర్నర్‌పేటలో పెంపుడు జంతువుల సామాన్లు అమ్మే ఒక దుకాణదారు ఓపిగ్గా అన్ని రకాలూ బల్లమీద పరిచి చూపించారు. నోరు బిగించే గుడ్డ మజిల్ డాక్టరు దగ్గర రెండు మూడు నిమిషాలకే. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి దింపుకుంటుంది. మన మే నెల ఎండలో నోరు కట్టేస్తే వడదెబ్బే. బుట్ట మజిల్ కొనాలి. లోపల నోరు పూర్తిగా తెరిచి రొప్పగలగాలి, నీళ్లు తాగగలగాలి. ముక్కు చివర కొద్దిగా ఖాళీ ఉండాలి, పై అంచు కళ్లకు ఒరుసుకోకూడదు. ఇనుపది ఎండకు కాలుతుంది, ప్లాస్టిక్‌దో సిలికాన్‌దో మేలు. మొదటి రోజే తగిలించి బయటకు లాక్కెళితే పీక్కుంటుంది. వారం పది రోజులు బుట్టలో ఉడికించిన చికెన్ ముక్క వేసి మూతి తనే పెట్టేలా అలవాటు చేయాలి.

ఒక జాగ్రత్త. జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల ప్రకారం మెజారిటీ ఓటుతో కూడా సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు, లిఫ్టు వాడొద్దనకూడదు, అన్నిటికీ మజిల్ తప్పనిసరి చేయకూడదు. మా మొదటి ముసాయిదా చూసిన న్యాయవాదులు "లిఫ్టు వాడరాదు" అన్న చోటల్లా "లిఫ్టులో ఒకసారికి ఒక కుక్క, ఎక్కేవాళ్లు వద్దంటే తర్వాతి లిఫ్టు" అని మార్పించారు.

విదేశాల సంగతి ఒక పేజీలో ముగించమన్న రిటైర్డ్ హెడ్‌మాస్టారికి ధన్యవాదాలు, లేకపోతే పది పేజీలయ్యేది. నెదర్లాండ్స్ 1993లో పెట్టిన పిట్‌బుల్ నిషేధాన్ని, కాట్లు తగ్గలేదని 2008లో ఎత్తేసింది. ఇటలీ 2009లో జాతుల జాబితా తీసేసి బాధ్యత యజమాని మీద పెట్టింది. అమెరికాలోని డెన్వర్ నగరంలో 1989 నాటి నిషేధాన్ని 2020లో ఓటర్లు తొలగించి పర్మిటు పద్ధతి తెచ్చుకున్నారు. బ్రిటన్ మాత్రం ఎదురు నడిచింది. 1991 చట్టంలోని నాలుగు రకాలకు తోడు ఎక్స్‌ఎల్ బుల్లీ అనే భారీ కుక్కను చేర్చి, 2024 ఫిబ్రవరి 1 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో మినహాయింపు పత్రం లేకుండా ఉంచుకోవడం నేరం చేసింది. దీన్ని దాచకుండా రాయమన్నదీ మాస్టారే. ఎదుటివాళ్లు తవ్వి తీసేలోపు మనమే చెబితే వాదనకు బలం.

రాజీ బేరం ఒకటి తప్పక వస్తుంది: "సరే, 23 వద్దు, అయిదు ఉంచుదాం." ఒప్పుకోకండి. జాబితా అయిదుకి దిగినా గేటు దగ్గర మొహం చూసి తేల్చే పద్ధతి అలాగే ఉంటుంది, వచ్చే ఏడు అది ఏడవుతుంది.

టైపింగ్ చేసిపెట్టి డబ్బు తీసుకోని డీటీపీ కుర్రాడికి, ఫ్లాటు ఫ్లాటుకీ తిరిగి తేదీతో సహా సంతకాలు చేయించిన మహిళా సంఘం వాళ్లకు, కుక్కలంటే భయమని చెబుతూనే వచ్చి కూర్చున్న పెద్దలకు పేరుపేరునా కృతజ్ఞతలు. ముసాయిదా కావాల్సిన సంఘాలు మీ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు మార్చుకుని వాడుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు. రేబిస్ సర్టిఫికెట్, 15 అంకెల మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) నంబరు గళ్లు మీ వీలుని బట్టి సర్దుకోండి. మూడో పేజీలో ఉన్న బరువు నిబంధన మాత్రం కొట్టేయకండి. కాటు తిన్నవాళ్లు మన పక్క కూర్చున్నది దాని వల్లే.