ర్యాలీలతో మత్తు ఆగదు

సంపాదకులకు,

మాదకద్రవ్యాల వ్యతిరేక దినమైన జూన్ 26న ర్యాలీ, ప్రతిజ్ఞ, ఫొటోలు. చాలా బడుల్లో మత్తు నివారణ అంతటితో సరి. అమెరికాలో పోలీసులు పాఠాలు చెప్పిన 'డేర్' కార్యక్రమం మత్తు వాడకాన్ని పెద్దగా తగ్గించలేదని పరిశోధనల్లో తేలింది. అక్కడిదే మరో బడి కార్యక్రమం 'లైఫ్ స్కిల్స్ ట్రైనింగ్' మొదటి ఏడాది 15, తర్వాత 10, ఆపై 5 తరగతులుగా సాగుతుంది. ఉపన్యాసం కాదు, సాధన ముఖ్యం. "ఒక్క దమ్మే కదరా" అంటే "నాకొద్దురా, ప్రాక్టీసుంది" అని తడబడకుండా చెప్పి అక్కణ్నుంచి కదలడం ఇద్దరిద్దరి చేత పదేపదే చేయించాలి. 7వ తరగతిలోనే మొదలెట్టాలి. దొరికిన పిల్లాడికి టీసీ చేతిలో పెట్టడం దారుణం. తల్లిదండ్రులను పిలిచి మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446తో మాట్లాడించండి. బడికి వంద గజాల్లోపు సిగరెట్లు, ఖైనీ అమ్మకాన్ని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం నిషేధించింది. ప్రధానోపాధ్యాయులు టేపుతో కొలిచి, ఆ దుకాణాలపై రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి.